త్రాసుకు కనిపించని నష్టం

మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స జరిగిన తరువాత మూడేళ్ళపాటు ఆస్పత్రికి తోడు వెళ్ళింది నేనే. వెళ్ళగానే మొదటి తంతు బరువు చూడటం. ఒకసారి 62 కిలోలు, మరోసారి 63. "బరువు నిలకడగానే ఉందమ్మా, భయం లేదు" అనేవారు. పీట మీంచి లేవాలంటే గోడ పట్టుకోవలసి వస్తోందని ఆమె చెబితే, వయసు ప్రభావమని అందరం సరిపెట్టుకున్నాం. మూడో ఏడు పెరటి గడప దగ్గర కాలు జారి, చెయ్యి ఆన్చిన పాపానికి మణికట్టు విరిగింది.

అప్పుడు తీయించిన డెక్సా పరీక్షలో టీ-స్కోరు మైనస్ 2.9 వచ్చింది. మైనస్ 2.5 గానీ అంతకు దిగువన గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్లేనన్నది 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ప్రమాణం. పిన్ని రోజూ వేసుకునే లెట్రోజోల్ మాత్ర ఒంట్లోని ఈస్ట్రోజెన్‌ను అడుగంటిస్తుంది. ఆమెకు వచ్చిన రకం కణితికి ఆ హార్మోనే ఆహారం. ఎముకకు అదే రక్షణ. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో టెస్టోస్టెరాన్‌ను అణచివేసే చికిత్స వల్ల పురుషులకూ ఇదే నష్టం. మందు మానమని నేననడం లేదు, పిన్నిని నిలబెట్టింది ఆ మందే. అయితే దాన్ని ఆరంభించేటప్పుడే ఎముక సాంద్రత కొలవాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎముకను కాపాడటానికి జోలెడ్రోనిక్ ఆమ్లం, డెనోసుమాబ్ వంటి మందులూ ఉన్నాయి. ఆ మాట మా చెవిన పడింది ఎముక విరిగిన తరువాతే.

అంతకంటె బాధించిన విషయం మరొకటుంది. చికిత్స మొదట్లో ఒకసారి, రెండేళ్ళకు కడుపునొప్పి వచ్చినప్పుడు మరోసారి పిన్నికి సీటీ స్కాన్ తీశారు. పరిచయస్తుడైన ఒక రేడియాలజిస్టు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి, నడుములోని మూడవ వెన్నుపూస దగ్గరి అడ్డుకోతను చూపించారు. రెండోదానిలో కండరం పలచబడింది, ఆ చోటు కొవ్వు ఆక్రమించింది. త్రాసు ముల్లు కదలకపోవడానికి కారణమదే.

హౌన్స్‌ఫీల్డ్ కొలమానంలో నీటి విలువ 0, గాలిది మైనస్ 1000. మైనస్ 29 నుంచి 150 వరకు కండరంగానూ, మైనస్ 190 నుంచి మైనస్ 30 వరకు కొవ్వుగానూ లెక్కిస్తారు. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లోనూ 2013లోనూ ఈ కొలతనే ఆధారం చేసుకుని, పైకి స్థూలంగా కనిపించే రోగులలో సైతం కండరం తరిగినవారి ఆయుర్దాయం తక్కువగా ఉందని చూపారు. కీమోథెరపీ మోతాదును చాలావరకు ఎత్తు, బరువులను బట్టే లెక్కగడతారు. అదే బరువుతో కండరం తక్కువున్న మనిషికి దుష్ఫలితాలు ఎక్కువని పలు అధ్యయనాలు తెలిపాయి. అదే సీటీలో నడుములోని మొదటి వెన్నుపూస విలువను చూసి ఎముక బలహీనతను అనుమానించవచ్చు కూడా.

అభ్యంతరాలు లేకపోలేదు. కాంట్రాస్టు మందు ఎక్కిస్తే విలువలు మారతాయి. పాశ్చాత్యుల శరీరాలపై తేల్చిన హద్దులు మనకు యథాతథంగా సరిపడవు. సీటీ డెక్సాకు ప్రత్యామ్నాయం కాజాలదు. రేడియాలజిస్టులకు ఇప్పటికే తలకు మించిన పని. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఒకే పద్ధతిలో తీసిన నిరుటి బొమ్మనూ నేటి బొమ్మనూ పోల్చి, కండరం తగ్గిందో లేదో చెప్పడానికి పరాయివారి హద్దులతో పనేమిటి? దానికి అదనపు కిరణాలు అక్కరలేదు, మరో పరీక్ష ఖర్చూ లేదు. తెలిస్తే మాంసకృత్తులు పెంచవచ్చు, వ్యాయామం మొదలుపెట్టించవచ్చు, డెక్సాకు పంపవచ్చు.

ఆ రెండో సీటీ రిపోర్టులో చివరి వాక్యం, కొత్త కణితులేవీ లేవని. అది చదివి ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్నాం. దాని కింద మరొక్క వాక్యం ఉండవలసింది. ఆ వాక్యం రాయడం వైద్యుల బాధ్యత అని నా అభిప్రాయం. రాయనప్పుడు అడగడం మన బాధ్యత.