కంప్యూటరు కబుర్లు: గురులఘువుల గడియారం

ఈసారి మన శీర్షికలో ఒక గడియారం సంగతి. కంప్యూటరులో టెర్మినల్ అనే నల్లతెర ఒకటుంటుంది. అందులో బొమ్మలుండవు, అక్షరాలే. ఆ తెరమీద నడిచే చిన్న ప్రోగ్రాముల్లో బైనరీ గడియారం ఒకటి. ముళ్లుండవు, సున్నాలూ ఒకట్లూ మాత్రం సెకనుకోసారి మారుతూ ఉంటాయి. లైనక్సు వాడేవారికి బిన్‌క్లాక్ అనే పేరుతో ఒకటి దొరుకుతుంది. పైథాన్ నేర్చుకుంటున్న పిల్లలు ఇంట్లో ఉంటే అదీ అక్కర్లేదు, పది పన్నెండు పంక్తుల్లో వాళ్లే రాసేస్తారు.

ఉదయం 6 గంటల 37 నిమిషాలయిందనుకోండి. తెరమీద ఇలా ఉంటుంది:

గంటలు: 0 0 1 1 0
నిమిషాలు: 1 0 0 1 0 1

కుడి చివరి స్థానం విలువ 1. ఎడమకు జరిగేకొద్దీ 2, 4, 8, 16, 32. ఒకటి ఉన్నచోట ఆ విలువను కలుపుకోవాలి, సున్నా ఉన్నచోట వదిలేయాలి. నిమిషాల వరుసలో 32, 4, 1 కలిస్తే 37. గంటలలో 4, 2 కలిస్తే 6. సెకన్లతో కలిపి మొత్తం పదిహేడు స్థానాలు. రాత్రి 11 గంటల 59 నిమిషాల 59 సెకన్లకు వాటిలో పద్నాలుగు ఒకట్లయి, మరుక్షణం అన్నీ సున్నాలవుతాయి. అది చూడడానికి పిల్లలు మేలుకొని కూర్చుంటే కోప్పడకండి.

ఒక్కొక్క అంకెనూ విడివిడిగా చూపే రకం గడియారాలు కూడా ఉన్నాయి. అవి చదవడం తేలికే గాని, పైన చెప్పిన దానిలో ఉన్న రుచి వాటిలో లేదు. కారణం చెబుతాను.

సెకన్ల వరుసను కాసేపు గమనించండి. కుడి చివరిది ప్రతి సెకనుకూ మారుతుంది. దాని పక్కది రెండేసి సెకన్లకు, ఆ పక్కది నాలుగేసి సెకన్లకు. ఇది ఎక్కడో చూసినట్టుంది కదూ? స్కూల్లో ఛందస్సు చదివినవారు గుర్తు తెచ్చుకోండి. మూడక్షరాల గణాలకు ప్రస్తారం వేసేటప్పుడు మొదటి నిలువు వరుసలో గురువు, లఘువు మార్చి మార్చి రాస్తాం. రెండో వరుసలో రెండు గురువులు, రెండు లఘువులు. మూడో వరుసలో నాలుగు, నాలుగు. మ, య, ర, స, త, జ, భ, న అని ఎనిమిది గణాలూ అదే క్రమంలో వస్తాయి. గురువును సున్నా అనీ, లఘువును ఒకటి అనీ అనుకుంటే అది గడియారంలో 0 నుంచి 7 వరకు లెక్క. తేడా ఒక్కటే. గడియారం కుడినుంచి మొదలవుతుంది, ప్రస్తారం ఎడమనుంచి.

కంప్యూటరును మనవాళ్లే కనిపెట్టారని చెప్పబోవడం లేదు. లైబ్నిజ్ 1703లో బైనరీ లెక్కల మీద వ్యాసం రాసింది పింగళుడి ఛందశ్శాస్త్రం చదివి కాదు. పింగళుడికి కావలసింది పద్యాల లెక్క, అంతే. అయినా లెక్క లెక్కే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తెలుగు బడుల్లో ఛందస్సు మానేద్దామనే మాట తరచుగా వినిపిస్తోంది. పిల్లలకు గుణింతాలే రావడం లేదు, గణాలెందుకని. ఆ బాధ నిజమే. కాని మన ఇళ్లకు ఇండియానుంచి వచ్చి ఆర్నెల్లు ఉండే అమ్మమ్మలూ తాతయ్యలూ చాలామంది యమాతారాజభానసలగం అప్పజెప్పినవాళ్లే. మనవడు నల్లతెర ముందు కూర్చుంటే ఆ గదిలో తమకేం పని అనుకుంటారు. ఆ పది అక్షరాల్లో వరుసగా ఏ మూడు తీసుకున్నా ఒక గణం వస్తుందనీ, ఎనిమిదీ ఒక్కొక్కసారే వస్తాయనీ మనవడికి చెప్పమనండి. వాడు నమ్మడు. కాగితం తీసి సరిచూసుకుంటాడు.

తర్వాతి పాఠం వృత్తసంఖ్య. పాదానికి ఇరవై అక్షరాలుండే కృతి ఛందస్సులో 10,48,576 వృత్తాలు వీలవుతాయి. ఉత్పలమాల వాటిలో 3,55,799వది. ఈ అంకెను చాలామందిమి కంఠతా పట్టాం గాని, ఎక్కడినుంచి వచ్చిందని అడగలేదు. భ, ర, న, భ, భ, ర, వ అని గురులఘువులు వేయండి. ఎడమనుంచి 1, 2, 4, 8 అంటూ విలువలు రెట్టింపు చేస్తూ ఇరవయ్యో అక్షరం దాకా వెళ్లండి. లఘువులున్నచోటి విలువలు కలిపితే 3,55,798 వస్తుంది. లెక్క సున్నాతో మొదలైంది కనుక ఒకటి కలపాలి. ఇది గడియారం చదవడమే, స్థానాలు మాత్రం కొంచెం ఎక్కువ.

చంపకమాల మీ ఇంటికి వదిలేస్తున్నాను. న, భ కాదు సుమా, న, జ, భ, జ, జ, జ, ర. అక్షరాలు ఇరవై ఒకటి. తాతయ్య గణాలు వేస్తే మనవరాలు కూడాలి. ఏడు లక్షల పైచిలుకు వచ్చి, చివర రెండు సున్నాలుంటే మీ లెక్క దారిలో ఉన్నట్టే.