ఊడ్చేవాళ్ల చేతికే ఎందుకు ఈ వాచీ?

2024 జూలై 8న సుప్రీంకోర్టు ఒక సంగతి తేల్చి చెప్పింది. బెయిలు మీద బయటికొచ్చిన నిందితుణ్ణి గూగుల్ మ్యాప్‌లో తన లొకేషన్ పోలీసులకు చూపిస్తూ ఉండమని షరతు పెట్టకూడదు. అలా అనుక్షణం వెంటాడటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన గోప్యత హక్కుకు విరుద్ధం. మాదకద్రవ్యాల కేసులో నిందితుడికి దక్కిన ఈ హక్కు, తెల్లవారకముందే చీపురు పట్టుకుని వీధిలోకొచ్చే మన అక్కకు ఎందుకు దక్కదు?

ఇది ఊహించి అడుగుతున్న ప్రశ్న కాదు. నాగపూర్, చండీగఢ్, పంచ్‌కులలో పారిశుద్ధ్య కార్మికుల చేతికి జీపీఎస్ వాచీలు కట్టారు. ఎక్కడ నిలబడ్డారు, ఎంతసేపు ఆగారు అన్నీ ఆఫీసు తెర మీద కనిపించేవి. కెమెరా ఉన్న వాచీ పెట్టుకుని బాత్రూంకి ఎలా వెళ్లాలని చండీగఢ్ స్త్రీలు నిలదీశారు. ఉపాధి హామీ కూలీలకు 2023 జనవరి 1 నుంచి యాప్‌లో లొకేషన్‌తో సహా రోజుకు రెండు ఫొటోలు తప్పనిసరి చేశారు. నెట్‌వర్క్ లేకపోతే పోయేది కూలీ డబ్బులే.

మదురై తెలుగువాళ్లంటే మనకు తిరుమల నాయకుడి మహల్ గుర్తొస్తుంది. కోయంబత్తూరు అంటే నాయుళ్ల మిల్లులు గుర్తొస్తాయి. ఆ రెండు నగరాల వీధులు ఊడ్చే తెలుగువాళ్లు మాత్రం గుర్తురారు. తరతరాలుగా అక్కడ ఉంటూ, ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే అరుంధతీయులు వాళ్లు. తమిళనాడు 2009లో చేసిన అరుంధతీయుల రిజర్వేషన్ చట్టంలోని ఏడు కులాల జాబితాలో మాదిగ, ఆది ఆంధ్ర పేర్లు కూడా ఉన్నాయి. అంటే మన అన్నదమ్ములే. ఆ రెండూ 2016లో స్మార్ట్ సిటీ జాబితాలో చేరిన నగరాలు. ఆ తెలివి ఎవరి మీద ప్రయోగిస్తారన్నదే నా భయం. ఇంజనీరు చేతికో, కాంట్రాక్టరు చేతికో వాచీ కట్టరు. కాదంటే రేపు పని ఉండదని తెలిసిన మనిషి చేతికే కడతారు.

మదురై జిల్లాకు ఇది కొత్త కాదు. ఉసిలంపట్టి దగ్గర పెరుంగామనల్లూరులో 1920 ఏప్రిల్ 3న పోలీసులు 16 మందిని చంపారు. నేరస్థ జాతుల చట్టం కింద వేలిముద్రలు వేయబోమని కళ్లర్లు ఎదురు తిరగడమే వాళ్లు చేసిన నేరం. ఆ చట్టం కింద పేరెక్కిన మనిషి ఊరు దాటాలంటే చీటీ కావాలి.

అదే చట్టం కింద తెలుగునాట ఎరుకల వాళ్ల కోసం స్టువర్టుపురంలో సెటిల్‌మెంట్ నడిపింది ఎవరు? సాల్వేషన్ ఆర్మీ. కావలి సెటిల్‌మెంట్ నడిపింది అమెరికన్ బాప్టిస్టు మిషన్. వాక్యం చెప్పిన చేతులే హాజరు కూడా తీసుకున్నాయి. మేలు చేస్తున్నామనే వాళ్లు నమ్మారు. ఈ రోజు యాప్ తయారుచేసే వాళ్లూ అదే మాట అంటున్నారు.

మరి చట్టం? గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. కానీ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 7వ సెక్షన్‌లో యజమానికి దొడ్డిదారి తెరిచింది. ఉద్యోగ అవసరాల కోసం, తనకు నష్టం రాకుండా చూసుకోవడం కోసం అయితే పనివాళ్ల సమ్మతి అడగకుండానే వాళ్ల సమాచారం వాడుకోవచ్చట. హక్కు అందరిదీ, మినహాయింపు మాత్రం యజమానిది.

"పనికి రాకుండా జీతం తీసుకునేవాళ్లను పట్టుకోవద్దా?" అని అడుగుతారు. పట్టుకోండి. అయితే లేని మనుషుల పేర్లు మస్టరులో రాసేది చీపురు పట్టినవాళ్లా, పెన్ను పట్టినవాళ్లా? మ్యాన్‌హోల్ ఏ వీధిలో ఉందో చెప్పే జీపీఎస్, అందులోకి దిగిన మనిషికి ఊపిరి ఆడుతోందో లేదో చెప్పదు. చేతొడుగులకు డబ్బు లేదనే వ్యవస్థకు వాచీలకు డబ్బు ఎక్కడిది?

"దేవుడు కూడా మన రాకపోకలు చూస్తాడు కదా" అని 139వ కీర్తన చూపించే పెద్దలూ ఉంటారు. చూస్తాడు. నిర్గమకాండము 3వ అధ్యాయంలో దేవుడు బానిసల బాధ చూసి, విడిపించడానికి దిగివచ్చాడు. 5వ అధ్యాయంలో ఫరో కూడా చూశాడు. గడ్డి ఇవ్వడం మానేసి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదన్నాడు. రెండు చూపులనూ ఒకటి చేయకండి.

యువతీ యువకులారా, పని మన గుమ్మంలోనే మొదలుపెడదాం. మన సంఘాలు నడిపే ఆసుపత్రుల్లో, కాలేజీల్లో ఊడ్చేవాళ్ల ఫోన్లలో హాజరు యాప్ ఉందా? డ్యూటీ అయ్యాక కూడా అది లొకేషన్ తీసుకుంటోందా? కమిటీని రాతపూర్వకంగా అడగండి. మీ చర్చి యాప్ లొకేషన్ అడుగుతుంటే ఎందుకో చెప్పమనండి, కారణం లేకపోతే తీసేయించండి. ఆదివారం ఆరాధన అయ్యాక మీ వాడలోని పెద్దల ఫోన్లు తీసుకుని, ఏ యాప్‌కు లొకేషన్ అనుమతి ఉందో చూపించి, అక్కర్లేనివి ఆపేయడం నేర్పండి. మున్సిపాలిటీ వాచీలు తెస్తే యూనియన్‌తో కలిసి వీధిలోకి రండి. వెనకటిసారి మనవాళ్లు హాజరు పట్టీ పట్టుకున్న వైపు నిలబడ్డారు. ఈసారి ఆ తప్పు చేయొద్దు.