మా ఊరి అభ్యంతరం, రెండు కాపీలు

మాది జనగామ. హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే దారిలో, బస్సులో నిద్రపోతే దాటిపోయే ఊరు. ఫస్ట్ ఇయర్‌లో హాస్టల్‌లో ఎవరడిగినా "వరంగల్ దగ్గర" అని చెప్పేవాణ్ణి. ఒకసారి నాన్న ఫోన్‌లో విని "మనది జిల్లా రా, మర్చిపోయినవా" అన్నాడు. అప్పటినుంచి జనగామ జిల్లా అనే చెప్తున్నా. ఆ జిల్లా ఎలా వచ్చిందో తెలుసుకుందామని మొదలుపెడితే అసెంబ్లీ దాకా వెళ్లాను. అందుకే ఈ వ్యాసం. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం కాబట్టి ఒత్తులు తప్పితే క్లబ్బులో అక్కలు దిద్దుతారు. అభిప్రాయాలు మాత్రం నావే.

2016లో నాకు పదేళ్లు. తెలంగాణలో అప్పటికి 10 జిల్లాలు. ఆగస్టు 22న ప్రభుత్వం ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చింది, 17 కొత్త జిల్లాలు వస్తాయని. అందులో మా ఊరి పేరు లేదు. అంతకుముందు నుంచే ఊళ్లో గొడవ నడుస్తోంది. బంద్‌లు, రాస్తారోకోలు, రిలే నిరాహార దీక్షలు, కొన్నాళ్లు 144 సెక్షన్ కూడా. నిజం చెప్పాలంటే మా పిల్లలకి అదొక పండగ. బంద్ అంటే స్కూల్ ఉండదు. "జిల్లా కావాలి" అని మేమూ గల్లీలో అరిచేవాళ్లం, జిల్లా అంటే ఏంటో తెలియకుండా.

నాన్నది చిన్న జిరాక్స్ షాపు, ఒక కంప్యూటర్, డీటీపీ. అందుకని ఆ ముప్పై రోజులు నాకు వేరే రకంగా గుర్తున్నాయి. ముసాయిదా మీద అభ్యంతరాలు చెప్పుకోవడానికి 30 రోజుల గడువు ఇచ్చారు. ఆన్‌లైన్‌లో కూడా తీసుకున్నారు కానీ మా షాపుకి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి కాగితం మీద సంతకం పెడితేనే నమ్మకం. నాన్న ఒక నమూనా టైప్ చేశాడు. జనగామ చరిత్ర గల పట్టణం, రైల్వే స్టేషన్ ఉంది, సకల సౌకర్యాలు ఉన్నాయి, జిల్లా కేంద్రం కావడం ప్రజల చిరకాల కోరిక, ఇట్లా ఒక పేజీ. కింద పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం ఖాళీలు. అందరికీ రెండు కాపీలు. ఒకటి ఇచ్చేది, ఇంకోటి ముట్టినట్టు ముద్ర వేయించుకుని ఇంట్లో పెట్టుకునేది. వాటికి నాన్న పైసలు తీసుకోలేదు. కాగితాలు సర్దడం నా పని.

ఒక రోజు పక్క ఊరి నుంచి ఒక అవ్వ వచ్చింది. నాన్న నమూనా చదివి వినిపించాడు. ఆమె మొత్తం విని, "గిండ్ల నా ముచ్చట ఏది బిడ్డా?" అంది. ఆమె ముచ్చట ఏంటంటే, పట్టాదారు పాసుపుస్తకం పని మీద సోమవారం గ్రీవెన్స్‌కి హనుమకొండ పోవాలి. పొద్దున బయలుదేరి జనగామ వచ్చి, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని, పని అయినా కాకపోయినా పొద్దుగూకినాక ఇంటికి. ఆ రోజు కూలి పోతుంది. "గది రాయి" అంది. నాన్న ఆమె కోసం వేరే అరపేజీ టైప్ చేశాడు. అన్ని వందల కాగితాల్లో తనదంటూ ఒక కారణం ఉన్న కాగితం నాకు అదొక్కటే గుర్తుంది.

ఇప్పుడు డీబీఎంఎస్ చదువుతుంటే అది బాగా అర్థమవుతోంది. వెయ్యి రికార్డులు అచ్చు ఒకేలా ఉంటే మనం ఏం చేస్తాం? క్వెరీలో డిస్టింక్ట్ అని రాస్తాం. ఒక్కటే మిగులుతుంది.

సరే, చట్టం ఏమంటుంది? జిల్లాల ఏర్పాటు చట్టం 1974 నాటిది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది, తెలంగాణ వచ్చాక దాన్నే మనం వాడుకుంటున్నాం. అందులో సెక్షన్ 3 ముఖ్యం. కొత్త జిల్లా చేయాలన్నా, హద్దులు మార్చాలన్నా అసెంబ్లీలో బిల్లు అక్కర్లేదు, ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తే చాలు. కానీ అంతకంటే ముందు ప్రతిపాదనని గెజిట్‌లో వేసి, అక్కడ ఉండేవాళ్ల అభ్యంతరాలు, సూచనలు పిలవాలి, వాటిని పరిశీలించాలి. ఆ 30 రోజుల గడువు ఇక్కడినుంచి వచ్చిందే. అంటే మా నాన్న షాపు ముందున్న లైన్ ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, చట్టంలో రాసి ఉన్న హక్కు. మా అవ్వ కోసమే ఎవరో 1974లో ఒక వాక్యం రాసి పెట్టినట్టు అనిపించింది చదువుతుంటే.

అయితే పరిశీలించాలి అని ఉంది గానీ, నీ అభ్యంతరం ఎందుకు ఒప్పుకున్నామో, ఎందుకు ఒప్పుకోలేదో నీకు జవాబు చెప్పాలి అని లేదు. నాకు ఇబ్బందిగా అనిపించేది అక్కడే.

ఆ తర్వాత జరిగింది చాలామందికి తెలుసు. అక్టోబర్ 11, దసరా రోజు కొత్త జిల్లాలు మొదలయ్యాయి. 17 కాదు, 21. చివర్లో చేరిన నాలుగు: జనగామ, సిరిసిల్ల, గద్వాల, ఆసిఫాబాద్. మొత్తం 31. ముసాయిదా వచ్చాక సరిగ్గా యాభై రోజులు. మా గల్లీలో ఆ రోజు రెండు దసరాలు.

ఇక్కడ నాన్నకీ నాకూ పడదు. "కాయితాలు పెడితే వచ్చిందా రా జిల్లా? రోడ్డు మీద కూసుంటే వచ్చింది" అంటాడు ఆయన, కాగితాలు ఫ్రీగా ఇచ్చిన మనిషే. ఆయన మాటలో నిజం ఉంది. రోడ్డు లేకుండా ఎవరూ మా వైపు చూసేవాళ్లు కాదు. గద్వాల కోసం అక్కడి ఎమ్మెల్యే డి.కె. అరుణ ప్రతిపక్షంలో ఉండి గట్టిగా కొట్లాడారు. సిరిసిల్ల ఎమ్మెల్యే అప్పుడు మంత్రి, కేటీఆర్. ఒక ఊరికి గొంతు, ఒక ఊరికి పలుకుబడి, మా ఊరికి బంద్‌లు. మూడూ పనిచేశాయి.

కానీ ములుగు సంగతి? ఇది జనగామ వాడిగా రాయడం కొంచెం కష్టమే, అయినా రాస్తాను. 2016లో ములుగు జిల్లా కాలేదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో కలిపారు. మ్యాప్ తీసి చూడండి. ఏటూరునాగారం, మంగపేట, వాజేడు, వెంకటాపురం వంటి గోదావరి ఒడ్డు మండలాలు, అడవి, ఆదివాసీ గూడేలు. అక్కడి నుంచి భూపాలపల్లి పోవడం ఎట్లుంటుందో ఊహించండి. మా అవ్వ రెండు బస్సులు ఎక్కింది. ఆ గూడెంలో ఇంకో అవ్వకి మొదటి బస్సు దొరకడమే ఒక పని. కారణాల బలం మీదే నిర్ణయం జరిగి ఉంటే మాకంటే ముందు ములుగు రావాలి. అది వచ్చింది 2019 ఫిబ్రవరి 17న, నారాయణపేటతో పాటు, మధ్యలో ఒక అసెంబ్లీ ఎన్నిక దాటాక. మాకు యాభై రోజులు, వాళ్లకి దాదాపు రెండున్నరేళ్లు. ఎందుకు ఇంత తేడా అంటే చూపించడానికి ఒక కాగితం లేదు, ఎందుకంటే కారణాలు చెప్పాలని చట్టం అడగలేదు. హైవే పక్కన ఉన్న ఊరు రోడ్డు ఆపితే రాజధానికి తెలుస్తుంది. అడవిలో ఊరు రోడ్డు ఆపితే ఎవరికి తెలుస్తుంది? నాన్న వాదనకి నా దగ్గరున్న జవాబు ఇదే. రోడ్డు అందరికీ ఒకటే కాదు. కాగితం కనీసం ఒకటే సైజు.

ఇంకో విషయం ఇంతకంటే పెద్దది. ములుగు జిల్లా అయిన అదే ఏడాది, 2019 జులై 18, 19 తేదీల్లో అసెంబ్లీ ప్రత్యేక సమావేశం జరిగింది. కొత్త మున్సిపాలిటీల చట్టం బిల్లు అందులోనే వచ్చి, అందులోనే పాసైంది. జిల్లా అంటే కలెక్టరేట్ ఎక్కడ అనే ప్రశ్న. మున్సిపల్ చట్టం అంటే ఇంటి పర్మిషన్, ఇంటి పన్ను, చెత్త, మోరీలు, కౌన్సిలర్‌కి ఏం అధికారం, కలెక్టర్‌కి ఎంత అధికారం, అన్నీ. చిన్న ఊరికి రాజ్యాంగం లాంటిది అది. జిల్లా హద్దు గీతకి 30 రోజులు అభ్యంతరాలు పిలవాలి, కానీ ఊరిని రోజూ నడిపే చట్టానికి రెండు రోజులు సరిపోయాయి. పైగా 2014లో ఎన్నికైన కౌన్సిళ్ల పదవీకాలం ఆ నెల మొదట్లోనే అయిపోయింది, కొత్త ఎన్నికలు 2020 జనవరిలో. అంటే కౌన్సిలర్ల గురించి చట్టం చేస్తున్నప్పుడు మా ఊళ్లో కౌన్సిలరే లేడు.

చట్టంలో అన్నీ చెడ్డవని నేను అనట్లేదు. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకునేవాళ్లకి పర్మిషన్ తిప్పలు తీసేశారు, మా గల్లీలో అది అందరికీ నచ్చింది. బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టాలన్నారు, మంచిదే. కానీ నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే వార్డు సభ్యుడి పదవికే ముప్పు అనే నిబంధన కూడా పెట్టారు. జనగామ గురించి తెలిసినవాళ్లెవరైనా ఇక్కడ చెయ్యెత్తి ఒక ప్రశ్న అడిగేవాళ్లు. మాది కరువు ప్రాంతం. ఎండాకాలంలో తాగడానికే ట్యాంకర్ కోసం బిందెలు లైన్‌లో పెట్టిన ఊరు. మొక్కకి నీళ్లు ఎవరు పోస్తారు, ఆ ట్యాంకర్ పైసలు ఏ ఖాతాలోంచి, మే నెలలో లెక్కపెడతారా ఆగస్టులోనా? గోదావరి పక్క ఊరికీ మాకూ ఒకే 85 ఏంటి? రెండు లైన్ల ప్రశ్న. ముప్పై రోజులు టైమ్ ఉంటే నాన్న షాపులో ఎవరో ఒకరు టైప్ చేయించేవాళ్లు.

అసెంబ్లీలో మా ఎమ్మెల్యే ఉన్నాడు కదా అనొచ్చు. ఉన్నాడు, 119లో ఒకరు. బిల్లు చేతికొచ్చాక దాన్ని ఊరికి తెచ్చి, చదివించి, వెనక్కి పోయి మాట్లాడాలంటే ఏ ఎమ్మెల్యేకైనా రెండు రోజులు చాలవు. కౌన్సిల్ కూడా ఉంది. 40 మంది ఎమ్మెల్సీల్లో 14 మందిని స్థానిక సంస్థల సభ్యులే ఎన్నుకుంటారు, అంటే మా వార్డు కౌన్సిలర్ ఓటు నేరుగా పైసభకి వెళ్తుంది. ఇది నాకు మొన్నటిదాకా తెలియదు. మా వార్డులో అడిగితే ఆ ఎమ్మెల్సీ పేరు ముగ్గురికి తెలియలేదు, నాతో కలిపి నలుగురు. పట్టభద్రుల ఎమ్మెల్సీకి మనమూ ఓటెయ్యొచ్చు, కానీ డిగ్రీ అయ్యాక మూడేళ్లు ఆగాలి. బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువ.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఊళ్లని నడిపే ఏ బిల్లు అయినా సభలో పెట్టడానికి ముందు 30 రోజులు తెలుగులో జనం ముందుంచాలి. వచ్చిన అభ్యంతరాలకి ఏది ఒప్పుకున్నారు, ఏది కాదన్నారు, ఎందుకు అని ఒక పట్టిక వేయాలి. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. కేంద్ర ప్రభుత్వం 2014లోనే తన శాఖలకి చెప్పింది, ముసాయిదాని కనీసం 30 రోజులు బయట పెట్టమని. కేరళలో బిల్లులు మామూలుగా సబ్జెక్ట్ కమిటీకి వెళ్లి వస్తాయి. మన దగ్గర జిల్లా గీతకి ఉన్న పద్ధతినే మోరీకీ వర్తింపజేయమంటున్నాను, అంతే. ఆలస్యం అవుతుందని కొందరు అంటారు. అవుతుంది, ఒక నెల.

మన వైపు కూడా ఒక తప్పుంది. అవకాశం వచ్చినప్పుడు ఊరంతా ఒకే నమూనా నింపాం. చరిత్ర గల పట్టణం అని రాయని ఊరు తెలంగాణలో ఏదైనా ఉంటుందా? గెజిట్ చదవడం రానివాళ్లు ఊళ్లో ఉండొచ్చు, కానీ మన క్లాసులో అరవై మందికి ఇంగ్లిష్ వచ్చు, చాట్‌బాట్ కూడా ఉంది. పోయిన సెమిస్టర్‌లో టర్మ్స్ అండ్ కండిషన్స్ చదివి చెప్పే ప్రాజెక్టులు మూడు చూశాను, బిల్లు చదివి చెప్పే ప్రాజెక్టు ఒక్కటీ చూడలేదు. నేనూ చేయలేదు, నాది అటెండెన్స్ యాప్.

మొన్న దసరాకి ఇంటికి వెళ్లినప్పుడు నాన్న పాత కంప్యూటర్‌లో వెతికాను. నమూనా దొరికింది, "అభ్యంతరం ఫైనల్ 2" అనే పేరుతో. దాని పక్కనే "అవ్వ" అని ఇంకో ఫైలు. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని నా లాప్‌టాప్‌లో తెరిస్తే అంతా పిచ్చి గుర్తులు. అను ఫాంట్‌లో టైప్ చేసింది, నా దాంట్లో ఆ ఫాంట్ లేదు. కన్వర్టర్ పెట్టి యూనికోడ్‌లోకి మార్చాను. అరపేజీ వచ్చింది. ఎన్ని సోమవారాలు పోయిందో, పోనూ రానూ బస్సు చార్జీ ఎంతైందో, ఎన్ని దినాల కూలి పోయిందో, అన్నీ లెక్కేసి చెప్పింది అవ్వ.