వాగును సరిహద్దు చేయకండి

పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ ముఖ్య కార్యదర్శి గారికి,
తెలంగాణ సచివాలయం, హైదరాబాద్.



2025 డిసెంబరులో హైదరాబాద్ నగరం చుట్టూ ఉన్న 27 పట్టణాలను బల్దియా (జీహెచ్‌ఎంసీ)లో కలిపారు. 150 డివిజన్లు 300 వార్డులయ్యాయి. మా సంగారెడ్డి జిల్లా నుంచి అమీన్‌పూర్, తెల్లాపూర్, బొల్లారం అందులో చేరాయి. పటాన్‌చెరు, రామచంద్రాపురం 2007లోనే చేరాయి. ఇస్నాపూర్ మాత్రం విడిగా మున్సిపాలిటీగానే ఉంది. కొత్త జనాభా లెక్కలు వచ్చాక ఈ హద్దులు మళ్లీ మారక తప్పదు. అప్పటికోసం ఒక్కటి అడుగుతున్నాను: మా దగ్గర వాగునూ నాలానూ వార్డుకు సరిహద్దుగా పెట్టకండి.

వార్డు హద్దులు రాసేటప్పుడు తూర్పున ఫలానా రోడ్డు, పడమర ఫలానా నాలా అని రాయడం ఆనవాయితీ. కాగితం మీద అది సులువే. కానీ నాలా హద్దయితే ఈ గట్టు ఒక కార్పొరేటర్‌ది, ఆ గట్టు ఇంకొకరిది, మధ్యలో పారే నీళ్లు ఎవరివీ కావు. ఇంకోచోట ఇది పూడికతీత తగాదా వరకే ఉంటుందేమో. పటాన్‌చెరులో ఆ నీళ్లతోనే మా బతుకు తెల్లారిపోయింది. ఫ్యాక్టరీల వ్యర్థాలు ఇస్కవాగు, పాములవాగుల గుండా నక్కవాగులో కలిసి మంజీరదాకా పోయాయి. పొలాలు పాడయ్యాయి, బోర్లు రంగు మారాయి. 1990లో ఆ గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అంత పోరాడాక కూడా అర్ధరాత్రి ఘాటు వాసన వస్తే ఎవరికి ఫోన్ చేయాలో మా కాలనీల్లో చాలామందికి తెలియదు. చెత్త మున్సిపల్ కార్పొరేషన్ చూస్తుంది, భూమి రెవెన్యూ వాళ్లది, పారిశ్రామికవాడ లోపల ఐలా (పారిశ్రామికవాడ స్థానిక పాలన సంస్థ), వ్యర్థ జలాలు పొల్యూషన్ బోర్డు. ఇందులో ఎవరి తప్పూ వెతకడం లేదు. అధికారాలు ఇన్ని ముక్కలైనచోట వార్డు హద్దు కూడా వాగును చీలిస్తే అడిగే గొంతు కూడా రెండవుతుంది.

అందుకే వాగు రెండు గట్లూ ఒకే వార్డులో ఉండాలి. పారిశ్రామికవాడా, దాని మురుగు పారే బస్తీ కూడా వీలైనంతవరకు ఒకే వార్డులోకి రావాలి. అప్పుడు ఆ కార్పొరేటర్ ఓట్లడగడానికి వెళ్లేది వాసన పీల్చే ఇళ్లకే.

ఇంకో మాట. 2011 లెక్కలతో వార్డులు గీస్తే, ఆ తర్వాత బీహార్, ఒడిశాల నుంచి వచ్చి రేకుల గదుల్లో ఉంటున్న కార్మికులు ఆ లెక్కలో లేరు. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో చనిపోయినవారిలో అలాంటివారు ఎందరో ఉన్నారు. కొత్త లెక్క తీసేటప్పుడు షిఫ్టు ముగిసే వేళల్లో ఆ గదుల తలుపు తట్టించండి.

ముసాయిదా పటాలను తెలుగులో, హిందీలో, ఉర్దూలో వార్డు కార్యాలయాల గోడల మీద అంటించండి. అభ్యంతరాలు వినే సభ ఒకటి బొల్లారంలో, ఆదివారం సాయంత్రం పెట్టండి.

ఇట్లు,
పటాన్‌చెరు నివాసి