అరీనా రాలేదు, వీధి అలాగే ఉంది

ఫిలడెల్ఫియా నడిబొడ్డున మార్కెట్ స్ట్రీట్ తూర్పు భాగం ఏళ్లుగా వెలవెలబోతోంది. తమ అరీనాను అక్కడికి తరలించి, 130 కోట్ల డాలర్లతో వీధిని ఉద్ధరిస్తామని 2022లో సెవంటీసిక్సర్స్ బాస్కెట్‌బాల్ జట్టు యజమానులు ప్రకటించారు.

ఆనుకునే చైనాటౌన్ ఉంది. వైన్ స్ట్రీట్ ఎక్స్‌ప్రెస్‌వే కింద ఇళ్లు పోగొట్టుకుని, 2000లో బేస్‌బాల్ స్టేడియాన్ని, ఆ తర్వాత కేసినోను అడ్డుకున్న బస్తీ అది. మళ్లీ వీధికెక్కింది. భవన నిర్మాణ యూనియన్లూ, కొందరు నల్లజాతి నాయకులూ పనులొస్తాయని అరీనా వైపు నిలిచారు. పని అడగడం తప్పా? కాదు. కానీ నల్లవారి కూలికీ చైనీయుల ఇంటికీ పోటీ పెట్టిందెవరు? శ్రేణీకృత అసమానతలో పై మెట్టు మీద అందరూ కలిసి తిరగబడలేరని అంబేడ్కర్ చెప్పింది కులం గురించే. అయినా ఈ ఎత్తుగడను గుర్తుపట్టడానికి మనకు అమెరికా చదువులు అక్కర్లేదు.

2024 డిసెంబరులో నగర కౌన్సిల్ 12–5తో ఆమోదించింది. నెల తిరక్కుండానే యజమానులు కామ్‌కాస్ట్‌తో చేతులు కలిపి, పాత చోటే ఉంటామన్నారు. అరీనాకు ముడిపెట్టిన 6 కోట్ల డాలర్ల స్థానిక ప్రయోజనాల ఒప్పందమూ గాలికి పోయింది. మార్కెట్ స్ట్రీట్‌ను మాత్రం బాగుచేస్తారట! ఆ వీధికి రావాల్సింది నగర బడ్జెట్‌లో పద్దు, జట్టు యజమానుల మాట కాదు. ఆ పద్దు రాసేటప్పుడు చైనాటౌన్ అద్దెదారులూ నల్లజాతి కూలీలూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.