వేటకీ ఆటకీ ఒకటే గడి

ఈ మధ్య మా ఇంట్లో పప్పూ ఉప్పూ మాటల కంటే తుపాకీ మాటలే ఎక్కువ నడుస్తున్నాయి. పాలు పోసే అబ్బాయి కూడా "రైఫిలు వచ్చిందా అమ్మా?" అని అడుగుతున్నాడు. వచ్చింది, కానీ రాలేదు. జర్మనీలో విమానం ఎక్కి, మన దేశంలో దిగి, ఒక గోదాంలో పడుకుని ఉంది. పోయిన శ్రావణంలో డబ్బు కట్టాం. మొన్న ఉగాది వెళ్ళిన వారానికి పెట్టె దిగింది. ఇప్పుడు ఆషాఢం. ఒక ఫైలు అడ్డం పడుకుని ఆ పెట్టెని ఇంటికి రానివ్వడం లేదు.

ఏం రైఫిలు, ఎందుకు అంటారా? మా అమ్మాయికి 22 ఏళ్ళు. 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్ అనే పోటీలో ఆడుతుంది. మోకాలి మీద కూర్చుని 20, బోర్లా పడుకుని 20, నిలబడి 20, మొత్తం 60 తూటాలు కాల్చాలి. 50 మీటర్ల అవతల ఉన్న గురిలో పది పాయింట్ల వలయం అడ్డంగా 10.4 మిల్లీమీటర్లు. మన స్టిక్కర్ బొట్లలో పెద్ద సైజు ఉంటుందే, ఇంచుమించు అంత. అక్కడ తగిలించాలంటే గుండె కొట్టుకునే రెండు చప్పుళ్ళ మధ్య సందు చూసుకుని నొక్కాలట. నేనైతే పోపులో ఆవాలు సరిగ్గా ఎప్పుడు చిటపటలాడతాయో కూడా చెప్పలేను.

ఈ పోటీలో వాడేది పాయింట్ 22 రిమ్‌ఫైర్ రైఫిలు. తూటా అడుగున అంచు చుట్టూ మందు ఉంటుంది, పిన్ను ఆ అంచుని కొడితే పేలుతుంది. అందుకే ఆ పేరు. గుండు బరువు 2.6 గ్రాములు. ఒక్కసారికి ఒక్క తూటా, చేత్తో పెట్టి, బోల్టు మూసి కాల్చాలి. మళ్ళీ తెరిచి, ఖాళీ తొడుగు తీసి, ఇంకోటి పెట్టాలి. బీకాం చదివి ఇల్లు చూసుకుంటున్న నాకు ఈ చదువంతా ఎలా వచ్చిందంటే, ఫైలు వెంట తిరిగి వచ్చింది.

మన ఇషాపూర్ ఫ్యాక్టరీలో కూడా పాయింట్ 22 స్పోర్టింగ్ రైఫిల్ తయారవుతుంది. కానీ పెద్ద పోటీల్లో చేతుల్లో కనిపించేవి వాల్తర్, ఆన్‌షుట్జ్ లాంటివి. రెండూ జర్మనీలో ఉల్మ్ అనే ఊరివే. చెంప ఆనే చోటు, భుజానికి ఆనే ప్లేటు, చెయ్యి పట్టు, అన్నీ మనిషి కొలతకి మరలు తిప్పి అమర్చుకోవాలి. బ్లౌజు లాంటిదనుకోండి. వదినగారి బ్లౌజు వేసుకుని ఓ పెళ్ళికి వెళ్ళి రావచ్చు, రోజూ అదే వేసుకోమంటే? మా అమ్మాయి నాలుగేళ్ళుగా నలుగురు వాడే క్లబ్బు రైఫిలుతోనే ఆడుతోంది. పైగా దాని కుడివైపు బోల్టు కుడిచేతి వాళ్ళ కోసం చేసింది. ఇది ఎడమచేతి వాటం పిల్ల. 60 తూటాలకీ 60 సార్లు చెయ్యి తిప్పి అవతలి వైపు బోల్టు లాగాలి, మళ్ళీ మొదటినుంచి భంగిమ సర్దుకోవాలి. అందుకే ఎడమచేతి రైఫిలు ఆర్డరు పెట్టాం. (మా అత్తగారంటారు, "చిన్నప్పుడు ఎడమచేత్తో అన్నం తింటే చెయ్యి మీద వేశాను గాని, ఎడమచేత్తో తుపాకీ పేలిస్తే ఏమనాలో నాకు తెలీదే" అని.) నాలుగు లక్షల పైచిలుకు అయింది. నా గాజులేమీ అమ్మలేదు లెండి, ఇది సినిమా కాదు. ఇంటి లోను ముందే తీర్చేద్దామని దాచిన ఫిక్స్‌డ్ డిపాజిట్ విరిచాం.

ఇక అసలు విషయం. కస్టమ్స్ పట్టికలో ఆయుధాలన్నీ 93వ అధ్యాయంలో ఉంటాయి. 9301 యుద్ధాయుధాలు, 9302 పిస్తోళ్ళు, రివాల్వర్లు, 9304 గాలి తుపాకుల్లాంటివి, 9306 తూటాలు. మా అమ్మాయి రైఫిలు 9303లో 30 అనే గడిలో పడుతుంది. ఆ గడి పేరు చూడండి: క్రీడా, వేట, లక్ష్యసాధన రైఫిళ్ళు. అంటే ఏనుగుని పడగొట్టే రైఫిలూ అందులోనే, కాగితం మీద స్టిక్కర్ బొట్టుని కొట్టే రైఫిలూ అందులోనే. వేటకీ ఆటకీ ఒకటే గడి. కూరలు తరిగే కత్తిపీటనీ, మాంసం కొట్టు మీద ఎముకలు నరికే కత్తినీ, చెట్లు కొట్టే గొడ్డలినీ ఒకే అట్టపెట్టెలో పెట్టి "పదునైనవి, జాగ్రత్త" అని రాసినట్టుంది.

పోనీ ప్రభుత్వానికి తేడాలు తెలీవా అంటే బాగా తెలుసు. గాలి తుపాకీ విషయంలో చూడండి. 2016 నాటి ఆయుధాల నిబంధనల్లో పాయింట్ 177 సైజు లోపు, 20 జౌళ్ళ శక్తి లోపు ఉన్న ఎయిర్ రైఫిలుకి లైసెన్సే అక్కర్లేదన్నారు. అంటే కొలిచి చూశారన్నమాట. మా అమ్మాయి మొదట ఆడింది దానితోనే, అప్పుడు మాకు ఏ తలనొప్పీ లేదు. పాయింట్ 22 దగ్గరికి వచ్చేసరికి ఆ కొలబద్ద ఎక్కడ పెట్టారో మరి. దీని శక్తి దాదాపు 140 జౌళ్ళు. సైన్యం వాడిన 7.62 రైఫిలుది 3,000 పైమాట. దీనితో మనిషి చావడా అంటే చస్తాడు, అందులో అబద్ధం లేదు. అందుకే లైసెన్సు ఉండాలి, పోలీసు విచారణ ఉండాలి, బీరువాలో తాళం వేసి ఉండాలి. కానీ దిగుమతి ఫైలు చూసేవాళ్ళ కళ్ళకి "రైఫిల్" అన్న ఒక్క మాటే కనబడితే, 140కీ 3,000కీ తేడా ఏం మిగిలింది?

ఈ వస్తువుల దిగుమతి 'రిస్ట్రిక్టెడ్'. పేరున్న షూటర్లూ, రైఫిల్ క్లబ్బులూ సిఫారసు మీద సొంత వాడకానికి తెప్పించుకోవచ్చు. పేరున్న షూటర్, అంటే వాళ్ళ భాషలో 'రినౌండ్ షాట్' అవ్వాలంటే జాతీయ ఛాంపియన్‌షిప్‌లో ఆడి నిర్ణయించిన స్కోరు తెచ్చుకోవాలి. ఆ స్కోరు రావాలంటే చేతిలో మంచి రైఫిలు ఉండాలి. మంచి రైఫిలు రావాలంటే ఆ స్కోరు ఉండాలి. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు అని మా అమ్మమ్మ అనే సామెత ఈ నిబంధన కోసమే పుట్టిందేమో. మా పిల్ల ఆ అడ్డుబోల్టుతోనే తంటాలు పడి ఆ స్కోరు తెచ్చింది. కాబట్టి సామెత గండం దాటాం. లైసెన్సు గండం దాటాం. సిఫారసు ఉత్తరం, దిగుమతి అనుమతి, అన్నీ దాటాం. పెట్టె దిగాక ఒక ఆఫీసులో ఆగింది.

ఎందుకాగిందో వినండి. అనుమతి కాగితంలో క్యాలిబర్ "పాయింట్ 22" అని ఉంది. జర్మనీ వాళ్ళ బిల్లులో "5.6 మి.మీ." అని ఉంది. "రెండు తుపాకులా మేడమ్?" అని అడిగారు. "ఒకటే సార్. అది అంగుళాల్లో, ఇది మిల్లీమీటర్లలో" అన్నాను. "అలా అయితే అదే మాట కాగితం మీద కావాలి" అన్నారు. ఆరు గజాల చీర అన్నా ఐదున్నర మీటర్ల చీర అన్నా ఒకటే అని చెప్పడానికి కొట్టువాడి దగ్గర ఎవరైనా సర్టిఫికెట్ అడుగుతారా? తెచ్చాం. ఆ కాగితం రావడానికి మూడు వారాలు. తర్వాత ఒకచోట "స్పోర్టింగ్ రైఫిల్" అనీ, ఇంకోచోట "టార్గెట్ రైఫిల్" అనీ ఉందన్నారు. మీ పట్టికలో ఆ రెండూ ఒకే గడిలో ఉన్నాయి కదండీ అంటే, అది వేరే సంగతి అన్నారు. అంటే మా మీద అనుమానం రావడానికి రెండూ ఒకటే, మా పని అవ్వడానికి మాత్రం రెండూ వేరు. ఆ తర్వాత, రైఫిలుతో వచ్చిన అదనపు భుజం ప్లేటు విడిభాగమా కాదా అన్నది తేలాలన్నారు. విడిభాగాలకి 9305 అని ఇంకో గడి ఉందిగా! అల్యూమినియం ముక్క అది. దాన్ని ఎవరి మీదకి విసిరినా బొప్పి కడుతుంది, అంతే.

ఈలోగా గోదాంకి అద్దె. రోజుకింత అని లెక్క. ఆలస్యం వాళ్ళది, అద్దె మాది. సరుకు ఆగితే అద్దె కట్టాలన్న నిబంధన రాసినవాళ్ళు, ఫైలు ఆగితే ఎవరు కట్టాలో ఎందుకు రాయలేదో?

ఎవరూ లంచం అడగలేదు, చెప్పాలి కదా. అందరూ మర్యాదగానే మాట్లాడారు. ఒకాయన అయితే "మా అమ్మాయిని కూడా చేరుద్దామనుకుంటున్నా మేడమ్, ఏ అకాడమీ మంచిది?" అని అడిగారు. మనుషులతో నాకు పేచీ లేదు. తప్పుగా వదిలేస్తే ఆ గుమస్తాకి చిక్కు, ఆపి ఉంచితే ఏ చిక్కూ లేదు. అలాంటప్పుడు ఎవరైనా ఆపే ఉంచుతారు. నేనైనా అంతే చేస్తానేమో.

తుపాకులు సులువుగా దొరికితే ఏమవుతుందో చూస్తూనే ఉన్నాం కదా అని మా చెల్లెలే అంది. అది అమెరికాలో డాలస్‌లో ఉంటుంది. అక్కడ పెద్ద దుకాణాల్లో చేపలు పట్టే గాలాల పక్కనే పాయింట్ 22 రైఫిళ్ళు అమ్ముతారట. పిల్లల బడిలో భూకంపం డ్రిల్లులా తుపాకీ డ్రిల్లు చేయిస్తారట. నాకు అలాంటి దేశం వద్దు తల్లీ. మన చట్టం గట్టిగా ఉండాల్సిందే. మా ఇంటికి ఎన్నిసార్లైనా వచ్చి చూసుకోండి, ఇరుగుపొరుగుని అడగండి, పిల్ల మనస్తత్వం పరీక్షించండి. నేను కాఫీ ఇస్తాను. కానీ గట్టిదనం వేరు, గజిబిజి వేరు. మనిషి మంచిదా కాదా అని ఆరా తీయడం గట్టిదనం. అంగుళాన్ని మిల్లీమీటర్లలోకి మార్చడానికి మూడు వారాలు పట్టడం వల్ల ఈ దేశంలో ఏ నాటు తుపాకీ ఆగింది?

ఇక మనం, ఆడవాళ్ళం, మాట్లాడుకోవాల్సిన మాట. ఆఫీసులో ఒక నెల అంటే ఒక నెలే. మన ఇళ్ళలో ఆడపిల్ల ఆటకి ఒక నెల అంటే అంత తేలిక కాదు. మగపిల్లాడు క్రికెట్ ఆడతానంటే పాతికేళ్ళ దాకా "చూద్దాంలే" అంటారు. ఆడపిల్లకి ఆ మాట ఎవరూ పైకి అనకపోయినా ఒక గడువు ఉంటుంది. డిగ్రీ అయ్యేదాకా, సంబంధం కుదిరేదాకా. మా ఇంట్లో కూడా ఉంది, దాచడం ఎందుకు. మావారు మంచివారే, ఆ డిపాజిట్ విరిచింది ఆయనే. అయినా "ఇంకో రెండేళ్ళు చూద్దాం" అన్నారు. ఆ రెండేళ్ళలో దాదాపు ఒక ఏడాదిని ఆ ఫైలు తినేసింది. సెలక్షన్ ట్రయల్స్ రెండు, కుడిచేతి బోల్టుతోనే వెళ్ళిపోయాయి. ఒకదాంట్లో ఒకటిన్నర పాయింటు తేడాతో జాబితాలో కిందికి జారింది. రైఫిలు ఉండి ఉంటే గెలిచేదని నేను చెప్పను. ఉండి ఉంటే ఓడినా ఓడినట్టు ఉండేది. ఇప్పుడు ఎందుకు ఓడిందో ఎవరికీ తెలీదు, దానికి కూడా. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తే ఈ గడువు గొడవే ఉండదు, ఆ కోటాకి కావాల్సింది మళ్ళీ ఆ స్కోరే.

ఆషాఢం కాబట్టి సంబంధాల మాట ఆగింది. శ్రావణం రాగానే మా ఆడపడుచు ఫోను మోగడం మొదలవుతుంది. "ఇంకా తుపాకీ రాలేదా? మరి ఎన్నాళ్ళు కూర్చోబెడతారు వదినా?" అంటుంది. ఆవిడకి నేనేం చెప్పాలి, 5.6 కథ చెప్పాలా?

పతకం వచ్చిన రోజున మాత్రం దేశం మొత్తం షూటింగ్ అభిమానులే. 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెస్తే మా అపార్ట్‌మెంటులో స్వీట్లు పంచారు. 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలె కాంస్యం గెలిచింది మా అమ్మాయి ఆడే ఈ త్రీ పొజిషన్స్‌లోనే, ఈ పాయింట్ 22తోనే. అంతకు ముందు ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సిఫ్ట్ కౌర్ సమ్రా ఇదే పోటీలో 469.6 పాయింట్లతో ప్రపంచ రికార్డు కొట్టి బంగారం తెచ్చింది. ఆ పిల్ల ఈ ఆట కోసం ఎంబీబీఎస్ మానేసింది. మన ఇళ్ళలో ఏ పిల్లయినా ఆ మాటంటే ఎన్నిరోజులు పొయ్యి వెలగదో మీకు నేను చెప్పాలా! అలాంటి అమ్మాయి ఇంకోతి ఏ ఊళ్ళో ఉందో, ఏ గోదాం ముందు నిలబడి ఉందో.

నేను అడిగేది రాయితీ కాదు. ఒక్క తూటా పట్టే రిమ్‌ఫైర్ టార్గెట్ రైఫిలుకి వేటవాటి నుంచి విడిగా ఒక గడి గీయండి. ఏ కాగితంలో ఏ పేరు, ఏ కొలత రాయాలో డబ్బు కట్టక ముందే ఒక్క పేజీలో చెప్పండి, జర్మనీ వాడి చేత అలాగే రాయించుకుంటాం. అభ్యంతరాలుంటే అన్నీ ఒకేసారి అడగండి, వాయిదాల పద్ధతిలో వద్దు. ఏ రోజులోగా తేలుస్తారో ఫైలు మీద రాయండి. ఆ రోజు దాటితే గోదాం అద్దె మా నెత్తిన వెయ్యకండి.

ఇదే మాట అర్జీగా రాసి మొన్న శుక్రవారం ఇచ్చి వచ్చాను. తీసుకున్నట్టు ముద్ర కూడా వేయించుకున్నాను. భుజం ప్లేటు బరువు గ్రాముల్లో రాసిమ్మన్నారు. మా వంటింటి త్రాసు మీద తూచుదామంటే ప్లేటు పెట్టెలో ఉంది, పెట్టె వాళ్ళ దగ్గరుంది. జర్మనీకి మెయిల్ పెట్టాం. మీ ఇళ్ళలో షూటింగో ఇంకో ఆటో ఆడే పిల్లల సామాను ఇలా ఎక్కడైనా చిక్కుకుని ఉంటే నాకు రాయండి. ఎన్ని నెలలయిందో, ఏ మాట దగ్గర ఆపారో తప్పకుండా రాయండి. రెండో అర్జీకి జత చేస్తాను.