మొండిది క్లిప్పేనా?

మన ఇళ్ళల్లో ‘మొండిది’ అనే మాట ఎంత తేలిగ్గా వాడేస్తామో గమనించారా? అన్నం తినని పిల్ల మొండిది. చేపుకి రాని గేదె మొండిది. పెద్దలు తెచ్చిన సంబంధం వద్దన్న ఆడపిల్ల మరీ మొండిది. మొన్న మా ఇంట్లో ఈ జాబితాలోకి ఇంకొకటి చేరింది. చెట్లు కోసే మిషనులో ఉండే చిన్న ఉక్కు క్లిప్పు. చొక్కా గుండీ అంత ఉంటుంది, అంతే! దాన్ని మొండిదని తేల్చిన పంచాయతీ పెద్దలు ముగ్గురు: మా వారు, మా మరిది, పక్కింట్లో ఉండే రిటైరైన ఇంజనీరు గారు.

నేను ఆ తీర్పు ఒప్పుకోను. ఎందుకొప్పుకోనో చెబుతాను, వినండి.

మాకు విజయనగరం జిల్లాలో కొద్దిపాటి మామిడితోట ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు తోటలో సగం చెట్లు వేళ్ళతో సహా లేచి పడుకున్నాయి. కోయించడానికి మనిషి దొరకలేదు, మిషనూ దొరకలేదు. “ఇంక మనకే ఒకటి ఉండాలి” అని ఆ ఏడే మా వారు పెట్రోలుతో నడిచే మిషను కొన్నారు. కొన్నది ఆయన, వాడేది తోట చూసే కుర్రాడు. దాన్ని కడిగి తుడిచి నూనె వేసేవారెవరంటే... ఎవరూ లేరు. “నడిచినన్నాళ్ళు నడవనీ” అన్నది మా ఇంటి సిద్ధాంతం. మీ ఇంట్లోనూ అదే అయితే ఈ వ్యాసం మీకోసమే.

మొన్న ఆ కుర్రాడు వచ్చి, “అమ్మగారూ, ఆక్సిలేటరు వదిలేసినా గొలుసు ఆగట్లేదండి. తిరుగుతానే ఉంటోంది” అన్నాడు. నా చూపు వాడి పాదాల మీద పడింది. రబ్బరు చెప్పులు! మిషను దించి పట్టుకుంటే ఆ గొలుసు వాడి మోకాలికి జానెడు దూరంలో ఉంటుంది.

మా వారు స్క్రూ తిప్పి ఇంజను వేగం తగ్గించారు. అయినా గొలుసు ఆగలేదు. అంటే జబ్బు క్లచ్ దగ్గరుందన్నమాట. ఈ క్లచ్ సంగతేమిటో రెండు ముక్కల్లో చెబుతాను, కంగారు పడకండి. తీర్థంలో రంగులరాట్నం చూశారుగా? వేగం పెరిగినకొద్దీ ఉయ్యాలలు బయటికి విచ్చుకుంటాయి. క్లచ్ కూడా అంతే. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నంతసేపూ దాని దిమ్మెలు స్ప్రింగుల పట్టులో ముడుచుకుని ఉంటాయి. వేగం పెరగగానే విచ్చుకుని, చుట్టూ ఉన్న గిన్నెలాంటి డ్రమ్మును పట్టుకుంటాయి. డ్రమ్ము తిరుగుతుంది, దాంతో గొలుసు తిరుగుతుంది. వేగం తగ్గితే వదిలేస్తాయి, గొలుసు ఆగాలి. డ్రమ్ము కింద సన్నటి సూదుల్లాంటి కడ్డీలతో ఒక బేరింగు ఉంటుంది. అది ఎండిపోయి బిగుసుకుపోయిందా, దిమ్మెలు వదిలినా ఇరుసు డ్రమ్మును వదలదు. అప్పుడిక గొలుసుకి ఆగడమంటూ లేదు.

ఆ బేరింగు చూడాలంటే డ్రమ్ము తియ్యాలి. డ్రమ్ము తియ్యాలంటే ఇరుసు చివర గాడిలో కూర్చున్న క్లిప్పు తియ్యాలి. ఇంగ్లీషు ‘ఈ’ అక్షరంలా ఉంటుంది. అదే మన కథానాయిక.

మొదటిరోజు సాయంత్రం మా మరిది కటింగ్ ప్లేయరుతో దాన్ని పట్టి లాగాడు. రాలేదు. రెండోరోజు ఇంజనీరు గారు సుత్తీ ఉలీ పట్టుకొచ్చారు. డ్రమ్ము అంచు మీద నాలుగు గాట్లు పడ్డాయి, క్లిప్పు ఒక చెవి వంకరపోయింది. మూడోరోజు ముగ్గురూ చేతులు తుడుచుకుని, కాఫీలు తాగి, “అబ్బే, ఇది మహా మొండిది. ఇంకో నాలుగు వారాలు ఇలాగే లాగించేద్దాం, కోతలయ్యాక చూద్దాం” అని తీర్మానించారు.

నాకు ఒళ్ళు మండింది. లాగించేది ఎవరండీ? ఈ ముగ్గురిలో ఒక్కరైనా ఆ మిషను చేత్తో పట్టుకుంటారా? వీళ్ళ పరువు కోసం వాడి కాలు పణంగా పెట్టాలా? “మీకెందుకు వదినా ఈ మిషన్ల గొడవ?” అన్నాడు మా మరిది. నాకెందుకా? పద్దెనిమిదో శతాబ్దం చివర స్కాట్లండులో జాన్ ఐట్కెన్ అనే వైద్యుడు పళ్ళున్న గొలుసుతో చిన్న చేతిరంపం తయారుచేశాడు. ఎందుకనుకున్నారు? చెట్లకి కాదు. కాన్పు కష్టమైనప్పుడు తల్లి కటి ఎముకల మధ్య కీలు కోసి బిడ్డకి దారివ్వడానికి! ఆ గొలుసు రంపం పుట్టింది అడవి కోసం కాదు, పురిటిగది కోసం. మనకి సంబంధం లేదనడానికి వీళ్ళెవరు?

ఆదివారం మధ్యాహ్నం మగవాళ్ళు ముగ్గురూ గురక పెడుతుంటే నేను బీరువా తెరిచాను. రేషను కార్డు కింద, కవరు కూడా విప్పకుండా, మిషనుతోపాటు వచ్చిన పుస్తకం ఉంది. ఇన్నేళ్ళలో దాన్ని చదివిన పుణ్యాత్ముడు లేడు. అరగంటలో నేను చదివాను. కుట్టుమిషను పుస్తకం చదివి బాబిను కేసు విప్పడం నేర్చుకున్నవాళ్ళం, ఇదేం బ్రహ్మవిద్య?

ముందు ప్లగ్గు వైరు పీకేశాను. గొలుసూ, దాని బద్దా తీసి పక్కన పెట్టాను. కళ్ళజోడు పెట్టుకున్నాను, చదవడానికి కాదు, క్లిప్పు ఎగిరితే కంట్లో పడకుండా. పాత టూత్‌బ్రష్షు కొంచెం కిరసనాయిల్లో ముంచి, క్లిప్పు చుట్టూ రుద్దాను. రంపం పొట్టూ, కాలిన నూనే కలిసి మాడిన పులిహోర అడుగులా అట్టకట్టి ఉన్నాయి. పది నిమిషాలు నాననిచ్చి మళ్ళీ రుద్దితే గాడి బయటపడింది. అప్పుడు తెలిసింది నాకు: క్లిప్పు మొండికెయ్యలేదు, మురికిలో కూరుకుపోయింది. పైగా వీళ్ళు దాన్ని తమవైపు లాగుతున్నారు. అది పైకి వచ్చే రకం కాదు, పక్కకి జారే రకం. తెరిచి ఉన్న వైపునుంచి స్క్రూడ్రైవరు మొన చెవి మీద ఆనించి, నెమ్మదిగా అవతలికి నెట్టాలి. ఎగిరిపోకుండా పైన గుడ్డ కప్పి బొటనవేలు అడ్డం పెట్టాలి. నెట్టాను. ‘టిక్’ మంది. గుడ్డలోకి వచ్చి పడింది.

దాని వెనక వాషరు తీశాను. డ్రమ్ము రాలేదు! సుత్తి ఎత్తాలనే దుర్బుద్ధి నాక్కూడా ఒక్క క్షణం కలిగింది, దాచను. మళ్ళీ పుస్తకం చూశాను. చైను బ్రేకు పడి ఉంటే దాని పట్టీ డ్రమ్మును బిగించి పట్టుకుంటుందట. ముందున్న రక్షక పిడిని హేండిలు వైపు లాగితే ‘టక్’ మని బ్రేకు వదిలింది. డ్రమ్ము అరచేతిలోకి వచ్చేసింది. కింద బేరింగు కాలి నల్లబడి, సూదులు గీతలు పడి ఉన్నాయి. గొలుసు పళ్ళు ఆడే చోట డ్రమ్ము కూడా లోతుగా అరిగింది. ఆ అరుగుదల అర మిల్లీమీటరు దాటితే మార్చెయ్యమని పుస్తకంలో ఉంది.

మర్నాడు కొత్త బేరింగూ, డ్రమ్మూ, క్లిప్పూ కొనిపించాను. వంకరపోయిన పాతది మళ్ళీ పెట్టకూడదు. ఒకసారి సాగిన స్ప్రింగు ఉక్కుకి పట్టు ఉండదు. కొత్త క్లిప్పు ఖరీదు కాఫీపొడి పొట్లం ఖరీదు కూడా లేదు. క్లచ్ దిమ్మెలు మాత్రం నేను ముట్టుకోలేదు. దాని మర ఎడమచేతి మర, టేబుల్ ఫాను రెక్కల ముందు టోపీలాగా కుడివైపు తిప్పితే వదులవుతుంది. పైగా ఇంజను తిరగకుండా ఆపే సాధనం కావాలి. అది మెకానిక్కు పని. అతను దిమ్మెలూ స్ప్రింగులూ చూసి బాగానే ఉన్నాయన్నాడు. తెలిసినంత చెయ్యడం, తెలియనిది తెలిసినవాడికివ్వడం, రెండూ తెలివే. తెలియకుండా సుత్తెత్తడమొక్కటే తెలివి కాదు.

“మెకానిక్కు దగ్గరికే మొదట పంపిస్తే సరిపోయేదిగా?” అంటారేమో. నిజమే, పంపండి! నేను కాదన్నానా? కానీ పంపాలని ఎవరికి తోచింది? తమ చేతికి లొంగనిదాన్ని ‘మొండిది’ అనేసి, ప్రమాదాన్ని పనివాడి కాళ్ళ దగ్గర వదిలేసి, కాఫీ తాగి లేచిపోవడం మీదే నా కోపమంతా. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే మగతనమైతే, ఆ మగతనం వల్ల పాడైన సామాను మన ఇళ్ళల్లో అటకల నిండా ఉంది.

ఒక మాట మా వారి పక్షాన కూడా చెప్పుకోవాలి. సాయంత్రం లేచి, విప్పి వరసగా పేర్చిన సామాను చూసి, ఏమీ అనలేదు. కాసేపు ఆ కాలిన బేరింగు చేతిలో తిప్పి చూసి, తోట కుర్రాడికి ఫోను చేసి, “మిషను బాగయ్యేదాకా కొమ్మ ముట్టుకోకు” అన్నారు. మరుసటి వారం వాడికి గట్టి బూట్లు కూడా కొన్నారు.

మన ఇంట్లో పనివాళ్ళ చేతికిచ్చే ప్రతి మిషనూ, కొబ్బరి వలిచేదైనా, గడ్డి కోసేదైనా, నెలకోసారి మనం చూడాలంటాను నేను. “వదిలితే ఆగుతోందా?” అని వాడే మనిషిని అడగండి. ఆ ఒక్క ప్రశ్న చాలు. ఆగడంలేదంటే ఆ పూటకి పని ఆపించండి. ఎవరైనా “మొండిది, వదిలెయ్” అంటే మాత్రం, ముందు పుస్తకం చేతికివ్వండి, తరవాత టూత్‌బ్రష్షు.

కొత్త క్లిప్పులు రెండు ఎక్కువే కొని, పాత కుంకుమ భరిణలో వేసి ఉంచాను. మా మరిది వచ్చినప్పుడల్లా దానివైపు చూస్తాడు గానీ, ‘మొండి’ అనే మాట మాత్రం ఎత్తడు.